కోట మ్యాపు కింద పేరు

భీమవరంలో మా అన్నయ్య పెట్టిన గేమ్ కేఫ్‌లోకి వెళ్ళగానే ఎదురుగోడ నిండా ఒక మ్యాపు కనిపిస్తుంది. నల్లటి నేల మీద బూడిదరంగు గోడలు, ఎర్రటి మెట్లు, నీలం నీళ్ళు. పాత టీవీ గేముల కాలం నాటి ఒక కోట, లోపలి గదులన్నీ విప్పి పరిచినట్టు ఉంటుంది. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు దాని ముందు నిలబడి సెల్ఫీలు దిగుతారు. ఆ మ్యాపు గీసింది నేను. అక్కడ ఆ మాట రాసి లేదు కాబట్టి ముందు ఇక్కడ రాసుకుంటున్నాను.

కోపం చల్లారాక రాయమన్నారు మా ఆయన. చల్లారేదాకా ఆగితే ఇక రాయను.

మా చిన్నప్పుడు నాన్న మండపేటలో రైసుమిల్లు గుమస్తా. అన్నయ్యకి క్లాసులో ఫస్టు వచ్చిందని ఒక వేసవిలో కాకినాడ వెళ్ళి టీవీ గేమ్ కొనుక్కొచ్చారు. నాకూ ఆ ఏడు ఫస్టే వచ్చింది. నాకు జామెట్రీ బాక్సు తెచ్చారు. అడిగితే, "గేమ్ ఇద్దరిదీనమ్మా, ఇద్దరూ ఆడుకోండి" అన్నారు.

దాంతో వచ్చిన క్యాసెట్లో ఉన్న గేములన్నిటికంటే మాకు నచ్చింది కోట గేమ్. దాని అసలు పేరేమిటో మాకు తెలియదు. పేరు పడేచోట ఏ భాషవో తెలియని అక్షరాలు వచ్చేవి. లాంతరు పట్టుకున్న పొట్టివాడు ఒకడు కోటలోకి దిగి, గదులు దాటుకుంటూ అట్టడుగున ఉన్న తలుపు దాకా వెళ్ళాలి. స్క్రీన్ మీద ఒకసారికి ఒక గదే కనిపిస్తుంది. పక్క గదిలోకి అడుగు పెట్టగానే వెనకది మాయమైపోతుంది. ఏ మెట్లు ఎక్కడికి పోతాయో బుర్రలో పెట్టుకుంటే తప్ప దారి దొరకదు.

ఆ బుర్ర నాది. రిమోట్ అన్నయ్యది.

"ఎటే ఇప్పుడు?" అనేవాడు టీవీ మీంచి చూపు తిప్పకుండా.

"కుడివైపు మెట్లు దిగు. నీళ్ళగది దాటాక వెంటనే పైకెక్కాలి. కిందకి పోకు, అక్కడ దారి లేదు."

అతను దిగేవాడు, ఎక్కేవాడు. నేనొకసారి ఆడతానంటే, "నీ చేతికిస్తే చచ్చిపోతావే, దారి చెప్పు చాలు" అనేవాడు. గట్టిగా అడిగితే వంటింట్లోంచి అమ్మ, "వాణ్ణి ఆడుకోనివ్వవే, ఎందుకలా పీక్కుతింటావు?" అని కేకేసేది. వీధిలో పిల్లలందరూ మా ఇంటికొచ్చి చూసేవారు. కోట మొత్తం పూర్తి చేసిన మొనగాడని అన్నయ్యకి పేరొచ్చింది. ఆ పేరు నాకూ గొప్పగానే అనిపించేది అప్పట్లో. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

తరవాత మామూలే. చదువులు, ఉద్యోగాలు, పెళ్ళిళ్ళు. అన్నయ్య భీమవరంలో రొయ్యల మేత వ్యాపారంలో స్థిరపడ్డాడు. అమ్మ అతని దగ్గరే ఉంటుంది. నేను రాజమండ్రిలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం ఇంటర్నెట్‌లో ఏదో వెతుకుతుంటే ఒక సైటు కంటపడింది. పాత గేములంటే ప్రాణం పెట్టేవాళ్ళు ప్రపంచం నలుమూలల నుంచీ చేరి, ఆ గేముల్లోని ప్రతి లెవెల్‌కీ మ్యాపులు గీసి అందులో పెడతారు. జీతం లేదు, లాభం లేదు. ఒక గేమ్‌ని కంప్యూటర్‌లో ఆడుతూ, అడుగడుగుకీ ఫోటో తీసి, ఆ ఫోటోల అంచులు చుక్కకి చుక్క కలిసేలా అతికించి, అడ్డొచ్చే రాక్షసుల్ని చెరిపి, దాచిన వస్తువులు ఎక్కడున్నాయో గుర్తుపెట్టి, మొత్తం లెవెల్‌ని ఒకే బొమ్మగా తయారుచేస్తారు. మూలన చిన్న అక్షరాలతో గీసినవాళ్ళ పేరు ఉంటుంది. ఆ సైటు చూసిన సాయంత్రం నేను పేపర్లు దిద్దలేదు.

మా కోట గేమ్ కోసం వెతికాను. అసలు గేమ్ దొరికింది, దానికి మ్యాపులున్నాయి. కానీ అది మేము ఆడింది కాదు. మా క్యాసెట్ నకలు. చేసినవాళ్ళెవరో గానీ లోపల గదుల్ని ఇష్టమొచ్చినట్టు మార్చేశారు. నీళ్ళగది ఉండాల్సిన చోట వేరే ఏదో ఉంది. ఆ నకలుని కూడా ఎవరో భద్రం చేసి పెట్టారు గానీ, దానికి మ్యాపు ఎవరూ గీయలేదు. సైటులో రాసి అడిగితే, "అది మా దేశంలో ఎప్పుడూ అమ్మలేదు. మీకు తెలిస్తే మీరే గీయండి" అని జవాబిచ్చారు.

గీశాను. కాలేజీ నుంచి వచ్చాక, ఆదివారాలు, దసరా సెలవులు. మొదటిసారిగా ఆ పొట్టివాణ్ణి నా వేళ్ళతో నడిపించాను. చచ్చిపోయాను, చాలాసార్లు. అయితే ఏమైంది? మళ్ళీ మొదలుపెట్టాను.

అందులో ఒక చోటు నన్ను బాగా ఏడిపించింది. కోట అడుగున ఒక వసారా ఉంది. ఎంత నడిచినా అదే వసారా మళ్ళీ మళ్ళీ వస్తుంది. పైన దీపం ఆరిపోయి ఉన్న చోట ఎగిరితేనే బయటపడతాం. అంతులేని వసారాని కాగితం మీద ఎలా గీయాలి? పొడుగ్గా గీస్తే అబద్ధం, పొట్టిగా గీసినా అబద్ధం. చివరికి దాన్ని ఉంగరంలా గుండ్రంగా వంచి, మొదలూ చివరా కలిపేశాను. ఆరిన దీపం దగ్గర చిన్న బాణం పెట్టాను. అది చూసి పోలండ్‌లో ఎక్కడో ఉన్న మనిషి, నా మొహం కూడా ఎరగనివాడు, ఇంతకంటే సరిగా ఎవరూ గీయలేరని రాశాడు. మ్యాపు పెట్టేముందు సైటు నడిపేవాళ్ళు ఒకటే ప్రశ్న అడిగారు: "మీ పేరు ఎలా రాయమంటారు?"

ఆ సంతోషంలో మ్యాపుని అన్నయ్యకి వాట్సాప్ చేశాను. "మన కోట, అన్నయ్యా. మొత్తం గీశాను. నీళ్ళగది చూడు" అని రాశాను. బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చింది, అంతే.

కొన్ని నెలలయ్యాక ఫోన్ చేశాడు. భీమవరంలో కాలేజీ పిల్లల కోసం గేమ్ కేఫ్ పెడుతున్నాడట. పాత టీవీ గేములు, కొత్తవి, కాఫీ, బర్గర్లు. "ఓపెనింగ్‌కి నువ్వు రావాలే. నీకో సర్‌ప్రైజ్ ఉంది" అన్నాడు. మా ఆయనకి ఆఫీసులో ఆడిట్ ఉండి రాలేదు. నేనే పట్టుచీర కట్టుకుని బస్సెక్కాను. తణుకు దాటేదాకా ఆ సర్‌ప్రైజ్ ఏమై ఉంటుందా అని చిన్నపిల్లలా ఊహించుకుంటూనే ఉన్నాను. సిగ్గుగా ఉంది చెప్పాలంటే.

లోపలికి వెళ్ళగానే గోడ మీద చూశాను. ఒక్క క్షణం నిజంగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను గీసిన కోట, మనిషి ఎత్తుకి మించి. ఫ్లెక్సు మీద అంత పెద్దదిగా చూస్తానని ఎప్పుడూ అనుకోలేదు. దగ్గరకెళ్ళి కుడివైపు అడుగు మూల చూశాను. నా పేరు లేదు. ఆ పేరున్న చోట నల్లరంగు పులిమి, దాని మీద కేఫ్ గుర్తు వేశారు. అక్కణ్ణుంచి పక్కకి చూస్తే నా ఉంగరం కూడా లేదు. గుండ్రటి వసారా కోసేసి, రెండు గదుల్ని తీసుకొచ్చి తిన్నగా అతికించేశారు. ఆ మ్యాపు పట్టుకుని వెళ్ళినవాడు చచ్చినా ఆఖరి తలుపు చేరడు.

నా వెనక, లోకల్ ఛానల్ అతను మైకు పట్టుకుని అన్నయ్యని అడుగుతున్నాడు. "ఈ మ్యాప్ చాలా బావుందండి. ఎవరు చేశారండి?"

"చిన్నప్పుడు ఆడిన గేమ్ అండి ఇది. ఆ జ్ఞాపకాలతో నేనే కూర్చుని ఒక్కొక్క గదీ వేసుకుంటూ వచ్చానండి" అన్నాడు అన్నయ్య. నవ్వుతూనే అన్నాడు. నేను అక్కడే, చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాను.

మైకు అతను వెళ్ళేదాకా ఆగాను. అంతమాత్రం మర్యాద నాకు నేర్పారు.

"అన్నయ్యా, నా పేరేది?"

"ఎక్కడే?"

"మ్యాపు మీద. అక్కడుండేది. తీసేశావు."

"ఓ, అదా. లోగో పెట్టడానికి చోటు కావాలన్నాడే డిజైనర్. ఇంట్లోవాళ్ళకి పేర్లేంటే, బయటివాళ్ళలాగ?"

"మరి నువ్వు గీశానని చెప్పావేంటి?"

"టీవీవాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి కదా. నీ గురించి మొదలెడితే పెద్ద కథవుతుంది. అయినా ఆ గేమ్ పూర్తి చేసింది ఎవరే? నేను కాదూ?"

"ఆ వసారా ఎందుకు కోశారు?"

"ఏ వసారా? గుండ్రంగా ఉందే, అదా? తప్పు పడిందనుకుని సరిచేశాడంట. ఇప్పుడు నీటుగా ఉంది కదా!"

తప్పు పడిందట. నా గొంతు పెద్దదైంది. కేక్ కోయడానికి చేరినవాళ్ళు ఇటు తిరిగారు. అమ్మ వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"నలుగురిలో ఏంటే ఇది? వాడు కష్టపడి వ్యాపారం పెట్టుకున్నాడు. నీకు ఉద్యోగం ఉంది, పేరుంది. ఈ బొమ్మ కోసం వాడి మీద పడతావేంటి?"

"అమ్మా, ఇది బొమ్మ కాదు. నేను చేసిన పని."

"సరేలే, పనే. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం అన్న మాట నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. ఇంటికెళ్ళాక ఏనాడూ ఎవరూ మాట్లాడరు. అన్నం పెడతారు.

కౌంటర్ మీద కాఫీ కప్పులకి పేర్లు రాసే మార్కర్ పెన్ను కనిపించింది. ఎవరో పేరు తెలియని కాలేజీ పిల్లాడు కాఫీ అడిగితే అతని పేరు అడిగి మరీ కప్పు మీద రాస్తారన్నమాట అక్కడ. ఆ పెన్ను తీసుకున్నాను. గోడ దగ్గరికి వెళ్ళి, ఎర్రమెట్ల పక్కన బూడిదరంగు గోడ ఖాళీగా ఉన్న చోట, "ఈ మ్యాపు గీసింది" అని రాశాను. పుట్టింటి ఇంటిపేరు రాయాలా, అత్తింటిదా అని ఒక్క క్షణం ఆగి, రెండూ మానేసి నా పేరొక్కటే రాశాను. అక్షరాలు పెద్దవిగానే రాశాను, బోర్డు మీద రాసే చెయ్యి కదా. పిల్లలు కొందరు చప్పట్లు కొట్టారు, ఇదేదో కార్యక్రమంలో భాగమనుకుని. అన్నయ్య మొహం ఎర్రబడింది. వదిన మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. నవ్విందో, సిగ్గుపడిందో నాకు తెలియదు.

భోజనం చెయ్యకుండా బస్టాండుకి వచ్చేశాను. ఎవరూ ఆపలేదు. బస్సులో పక్కనున్నావిడ, "పెళ్ళికెళ్ళొస్తున్నారాండీ?" అని అడిగింది. అవునన్నాను.

ఆ రాతని థిన్నర్ పెట్టి తుడిపించబోతే కింద రంగు కూడా లేచిపోయి ఫ్లెక్సు మీద తెల్లటి మచ్చ మిగిలిందని తరవాత వదిన ఫోన్‌లో చెప్పింది. మచ్చ కనబడకుండా ఆకులున్న ప్లాస్టిక్ తీగ ఒకటి వేలాడదీశారట. అన్నయ్య నాతో మాట్లాడటం మానేశాడు. నేనూ మానేశాను. ఆ మౌనంలో నాకు బాధ కంటే ఎక్కువ ఒక రకమైన హాయి ఉందని చెబితే మా అమ్మ ఏడుస్తుంది. అయినా అదే నిజం.

కొన్నాళ్ళకి వదిన ఒక ఫోటో పంపింది. ఫ్లెక్సు మీద, తీగ కింద, చిన్న స్టిక్కర్ అంటించారు. వేళ్ళతో పెద్దది చేసి చదివాను. అన్నయ్య పేరు, దాని కింద, "సోదరి సహకారంతో."

పేరు లేనప్పుడు కూడా నాకంత కోపం రాలేదు. సహకారం! పెళ్ళి భోజనాల్లో వడ్డించడానికి వచ్చినవాళ్ళకి వాడే మాట. వెంటనే అన్నయ్యకి ఫోన్ చేశాను.

"సహకారం ఏంటన్నయ్యా?"

"పెట్టానుగా! ఇంకేం కావాలే నీకు?"

"గీసింది నా చెల్లెలు అని రాయి. మూడు మాటలు."

అన్నయ్య గొంతు తగ్గించి, "అలా రాస్తే టీవీలో నేను చెప్పింది అబద్ధమని అందరికీ తెలిసిపోదా?" అన్నాడు.

"తెలుస్తుంది."

"అన్నయ్య పరువు పోతే నీకు బావుంటుందా?"

"నిజం రాస్తే పోయే పరువైతే పోనీ" అని పెట్టేశాను. ఆ రోజు ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకి చెప్పిన పాఠం వాళ్ళకి ఏమీ అర్థమై ఉండదు.

సైటులో నా మ్యాపు అలాగే ఉంది, ఉంగరంతో సహా. దాన్ని చూసి బ్రెజిల్ నుంచి ఒకావిడ, చిన్నప్పుడు వాళ్ళింట్లో కూడా ఇదే నకలు క్యాసెట్ ఉండేదని, ఇన్నాళ్ళకి ఆ వసారా దాటానని రాసింది. నా పేరు తప్పులేకుండా రాసింది. ఆ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాలనుకున్నాను. "బయటివాళ్ళు అలాగే పొగుడుతారులే" అంటుందని మానేశాను.

ఇప్పుడు ఇంకో గేమ్ గీస్తున్నాను, అదే క్యాసెట్లోది. మొన్న వదిన ఫోన్ చేసింది. అమ్మ బీపీ సంగతులన్నీ అయ్యాక, "అమ్మాయ్, ఏమనుకోకు. మీ అన్నయ్య అడగమన్నారు. కాకినాడలో యానాం రోడ్డు మీద రెండో కేఫ్ పెడుతున్నారు. నువ్వేదో కొత్త మ్యాపు చేస్తున్నావట కదా, ఈసారి పేరు వేస్తానంటున్నారు" అంది.

"ఎక్కడ వేస్తాడంట?"

"అది చెప్పలేదు."

"ఈసారి మ్యాపు తననే గీసుకోమను వదినా" అన్నాను.

వెనక మిక్సీ శబ్దం, అమ్మ ఎవరితోనో మాట్లాడటం వినిపించాయి.

"అలాగే చెబుతాను" అంది వదిన. "ఇదే మాట చెబుతాను."