మా మావయ్య కాల్లోంచి వచ్చిన కత్తి

మా మావయ్య మొన్న మంగళవారం తెల్లారేసరికి నిద్రలోనే పోయాడు. ఆ వార్త అమ్మ ఏడుస్తూ ఫోన్‌లో చెప్పింది. నేను గన్నవరం నుంచి భవానీపురం చేరేసరికి అదే వార్తను వీధి మొదట్లో ఫ్లెక్సీ కూడా చెబుతోంది. అందులో మావయ్య ఫొటో పాస్‌పోర్టు సైజులో, ఓ మూల, పువ్వుల మధ్య ఇరుక్కుని ఉంది. మిగతా స్థలమంతా మా వీధి కాంట్రాక్టరు గారు. తెల్ల చొక్కా, జోడించిన చేతులు, నిలువెత్తు విచారం. పోయింది ఇద్దరిలో ఎవరో తేల్చుకోలేక ఒక పెద్దాయన సైకిల్ దిగి, చెప్పులు విడిచి, కాంట్రాక్టరు గారికే దండం పెట్టుకుని వెళ్లాడు. ఆ రోజు నాకు దొరికిన ఓదార్పు అదొక్కటే.

చదివేవాళ్లకి ముందుగా ఒక మనవి. ఇలాంటి వ్యాసంలో పోయినవారి మంచి తలుచుకోవాలి, ఉన్నవారి చెడు ఎత్తకూడదు. మర్యాద అది. మొదటిది తప్పకుండా పాటిస్తాను. రెండోదానికి మావయ్య ఒప్పుకోడు.

మా అమ్మకి అన్నయ్య ఆయన. రిటైరయ్యేదాకా ఒక ఇంగ్లీషు మీడియం స్కూల్లో హిందీ చెప్పాడు. ఆదివారం మా చర్చిలో సండే స్కూలు పిల్లలకి పాటలు నేర్పేవాడు. కోపం వస్తే హిందీలో తిట్టేవాడు. ఆ తిట్లు మా వీధిలో ఎవరికీ అర్థమయ్యేవి కావు. అవతలివాళ్లు "ఏమన్నారు మాస్టారూ?" అని అడిగేవారు. ఆయన తెలుగులోకి మార్చి చెప్పేలోపు కోపం చల్లారిపోయేది. ఆ లెక్కన జీవితంలో ఎవరితోనూ ఆయనకి పూర్తి గొడవ జరగలేదు. ఒక్కరితో తప్ప.

ఆ ఒక్కరు మా వీధిలోనే, నాలుగిళ్ల అవతల ఉంటారు. డ్రైనేజీ పైపుల కాంట్రాక్టు చేస్తారు. వానాకాలంలో మలుపు దగ్గర గొయ్యి తవ్వించి, చుట్టూ ఒక తాడైనా కట్టించకుండా వదిలేశారు. మావయ్య మైలవరంలో పెళ్లికి వెళ్లి, మసక చీకట్లో, వానలో, స్కూటర్ మీద వస్తూ అందులో పడ్డాడు. తొడ ఎముక విరిగింది. అంతవరకు ప్రమాదం. అసలు దెబ్బ మర్నాడు తగిలింది. గొయ్యి సంగతి ఎవరైనా అడుగుతారేమోనని కాంట్రాక్టరు గారు ముందుగానే టీ కొట్టు దగ్గర మొదలుపెట్టారు. మాస్టారు పెళ్లి నుంచి వస్తున్నారు కదా, రెండు పెగ్గులు పడుంటాయి, పాపం, ఎవరికీ చెప్పకండి అన్నారు. ఎవరికీ చెప్పకండి అంటే మా వీధిలో ఎంతమందికి చేరుతుందో మీరే ఊహించుకోండి.

మావయ్యకి దగ్గు మందు తాగినా తల తిరిగేది. అందులో స్పిరిట్ ఉంటుందేమోనని అత్తయ్యతో ముందు వాసన చూపించేవాడు. అలాంటి మనిషి తాగి పడ్డాడన్న మాట ఆయన కర్రల మీద నడవడం మొదలుపెట్టేలోపే చర్చి లోపలికి నడిచి వెళ్లింది. సంఘ పెద్దలు ఇంటికొచ్చారు, ప్రార్థన చేశారు, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి మాస్టారూ, సండే స్కూలు సంగతి మేం చూసుకుంటాం అన్నారు. కాలు బాగుపడ్డాక కూడా ఆ విశ్రాంతి అయిపోలేదు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆదివారాలు ఆయన వెనక బెంచీలో కూర్చుని, ముందు వరసలో పిల్లలు పాట తప్పు పాడుతుంటే పెదవులతో సరిచేసుకునేవాడు.

ఎముక అతికింది. లోపల వేసిన టైటానియం ప్లేటు అలాగే ఉంచేసుకోవచ్చు, ఇబ్బందేం లేదన్నాడు డాక్టరు.

"ఇబ్బంది నాకు కాదు డాక్టరు గారూ. అది ఇంకొకళ్లకి కావాలి" అన్నాడు మావయ్య.

పట్టుబట్టి తీయించుకున్నాడు. నర్సు ట్రేలో తెచ్చి చూపించింది. జానెడు పైన పొడవు, వేలంత వెడల్పు, వరసగా స్క్రూలకి వేసిన రంధ్రాలు. ఆయన దాన్ని కొత్తగా పుట్టిన బిడ్డని చూసినట్టు చూశాడని అత్తయ్య ఇప్పటికీ చెబుతుంది. అయితే ఆ బిడ్డని విసురుడు కత్తి చేస్తాడని ఆవిడ అనుకోలేదు.

టైటానియం అంటే ప్రపంచంలో దానికి ఎదురులేదని మావయ్య నమ్మకం. విమానాలకి వాడతారట, రాకెట్లకి వాడతారట, కాబట్టి పగకి కూడా వాడొచ్చని ఆయన లెక్క. అసలు ప్లేటు మీద ప్రయోగం వద్దని ముందు ఆటోనగర్ పాతసామాను కొట్లో ఒక టైటానియం రేకు ముక్క సంపాదించాం. వెనకాల ఆయన్ని ఎక్కించుకుని బండి నడిపింది నేనే. గ్రైండింగ్ షాపులో రాయికి ఆనించగానే మతాబు వెలిగించినట్టు తెల్లటి రవ్వలు లేచాయి. మావయ్య ముఖం కూడా అలాగే వెలిగింది. షాపతను మాత్రం ఆ ముక్కను అరచేతిలో ఎగరేసి, ఇది విసరడానికి పనికొచ్చే సరుకు కాదు, బరువే లేదు, గాలికి పోతుంది సార్ అన్నాడు.

"గాలికి పోతే నా ఒళ్లు ఎలా మోసిందయ్యా ఇన్నాళ్లు?" అన్నాడు మావయ్య.

అతని మాటే నిజమైంది. డాబా మీద అరటి బోదె నిలబెట్టి పరీక్ష పెట్టాం. ఏటి ఒడ్డు తోటల్లో గెల కోశాక బోదెలు నరికి పడేస్తారు, ఎన్ని కావాలంటే అన్ని. మొదటి విసురు బోదెకి చెంపదెబ్బ కొట్టి కింద పడింది. రెండోది నీళ్ల ట్యాంకుకి తగిలి గంట కొట్టింది. మూడోది ఆరేసిన బట్టల్లోకి దూసుకుపోయింది. అత్తయ్య కింద నుంచి వచ్చి, చిరిగిన దుప్పటి చూసి, మీ పగ తీరేలోపు నా ఇంట్లో గుడ్డముక్క మిగలదు అంది.

ఇంజనీరింగ్ చదివినందుకు నేను ఈ కుటుంబానికి చేసిన మేలు ఒకే ఒక్కటి, అది ఇక్కడే రాసుకోనివ్వండి. మెకానికల్ బ్రాంచి, రెండు సబ్జెక్టులు రెండోసారి రాసి పాసయ్యాను. బరువు చాలకపోతే కలుపుదాం మావయ్యా, అసలు ప్లేటుకి రంధ్రాలు ఉన్నాయిగా అన్నాను. ఆయన నన్ను మొదటిసారి గౌరవంగా చూశాడు. వన్ టౌన్‌లో ఇత్తడి బోల్టులు కొన్నాం. మొన తేల్చిన ప్లేటులో ఒక బోల్టు ఈ రంధ్రంలో బిగించి విసరడం, కుదరకపోతే పక్క రంధ్రానికి మార్చి విసరడం. ఎముకని పట్టుకోవడానికి ఎవరో వేసిన రంధ్రాలు మా చేతుల్లో తక్కెడలా పనికొచ్చాయి.

ఒక విషయంలో మాత్రం నా మాట వినలేదు. వీధిలో ఫ్లెక్సీలకి కొదవా, ఒకటి తెచ్చి బోదెకి అంటిద్దామన్నాను. మనిషి బొమ్మ మీద విసిరితే పాపం అన్నాడు. బోదెకి మనిషి పేరు పెట్టుకుంటే పాపం కాదట. అలా ఆ బోదె కాంట్రాక్టరు గారైంది. ఆ గారు కూడా మావయ్య తగిలించిందే. పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు పిట్టగోడ మీద పెట్టి, జేబురుమాలుతో కత్తి తుడిచి, బోదెకి ఎదురుగా నిలబడి, ఇంటికొచ్చిన పెద్దమనిషితో మాట్లాడినంత నెమ్మదిగా అనేవాడు.

"కాంట్రాక్టరు గారూ, నేను తాగలేదండీ."

విసిరేవాడు. కింద పడేది. కుంటుతూ వెళ్లి తీసుకొచ్చి మళ్లీ అదే మాట. రోజూ. బోదె రసం మరకలు పడి మావయ్య తెల్ల చొక్కాలన్నీ గోధుమరంగుకి తిరిగాయి. నేను ఆదివారాలు వెళ్లేసరికి గొంతు బొంగురుపోయి ఉండేది. ఇంత కష్టం ఎందుకు మావయ్యా, వెళ్లి నాలుగు కేకలు వేసిరా అంటే, పగంటే కేకలు కాదురా, ప్రాక్టీసు అనేవాడు. ఇంకోసారి, బోల్టు బిగిస్తూ, తల ఎత్తకుండా అన్నాడు: "ఎముక అతికినంత తేలిగ్గా పేరు అతకదురా."

చప్పుడు విని పాస్టరు గారు ఒకరోజు డాబా ఎక్కారు. దేవుడి మీద గురి ఉంచండి మాస్టారూ, అతన్ని క్షమించేయండి అన్నారు. ఎప్పుడో క్షమించానండీ, చేతికే ఇంకా గురి కుదరలేదు అన్నాడు మావయ్య. పాస్టరు గారికి నవ్వొచ్చింది కానీ హోదా అడ్డొచ్చింది.

చివరికి ఒక ఆదివారం, బోల్టు మొన వైపు నుంచి రెండో రంధ్రంలో ఉండగా, కత్తి గాల్లో ఒక్క తిరుగుడు తిరిగి టప్‌మని దిగింది. నిలిచింది. మావయ్య కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశాడు. నేను గంతులు వేశాను. ఆయన వేయలేదు. పిట్టగోడ మీద కూర్చుని తన పథకం చెప్పాడు. కాంట్రాక్టరు గారిని కాఫీకి పిలుస్తాడు. డాబా మీద కూర్చోబెడతాడు. ఆయన చూస్తుండగా బోదెలోకి కత్తి దించుతాడు. అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పి, ఆ రోజు నేను తాగానాండీ అని అడుగుతాడు. అంతే. ఇన్నాళ్ల పగకి ఇదా ముగింపు అని నేను కొంచెం నిరాశపడ్డాను. కనీసం రెండు మూడు తిట్లైనా పెట్టు, హిందీలోనే పెట్టు అన్నాను. మొదటి విసురుకే దిగేంత చెయ్యి తిరిగాక పిలుద్దాం అన్నాడు. చెయ్యి తిరిగింది. ఈ ఆదివారం పిలుద్దామనుకున్నాడు. మంగళవారం పోయాడు.

జ్ఞాపకార్థ కూడిక ఇంటి ముందే షామియానా వేసి పెట్టారు. మైకు సెట్టు కాంట్రాక్టరు గారే పంపించారు. మా వీధిలో పెళ్లికైనా చావుకైనా మైకు ఆయనదే, మాట్లాడేదీ ఆయనే. సాయంత్రం అందరికంటే ముందొచ్చి మొదటి వరసలో కూర్చున్నారు. నేను మావయ్య పథకం నేనే పూర్తి చేయాలని రెండు రోజులు డాబా మీద చెయ్యి నొప్పెట్టేలా విసిరాను. దిగింది తక్కువ, మోగింది ఎక్కువ. అయినా కత్తి తీసుకుని బోదె పక్కన సిద్ధంగా నిలబడ్డాను. ప్రార్థన మొదలవకముందే అత్తయ్య కాంట్రాక్టరు గారిని మర్యాదగా పైకి పిలుచుకొచ్చింది. చేతిలో కాఫీ ట్రే.

"మా ఆయన మిమ్మల్ని కాఫీకి పిలుద్దామనుకున్నారు అన్నయ్య గారూ. ఆ మాట అలాగే ఉండిపోకూడదని."

"మాస్టారు నన్నా? ఎంత పెద్ద మనసు చెల్లెమ్మా ఆయనది" అన్నారాయన, గ్లాసు అందుకుంటూ.

నేను మావయ్య నిలబడే చోట నిలబడి చెయ్యి ఎత్తాను. అత్తయ్య నా వైపు చూసి, ఇలా ఇవ్వరా అంది. ఇచ్చాను. ఆవిడ దాన్ని కాంట్రాక్టరు గారి ఎడం చేతిలో పెట్టింది. సభల్లో శాలువాలు, జ్ఞాపికలు అందుకుని అలవాటైన చెయ్యి, ఏమిటని చూడకుండానే పట్టుకుంది.

"ఏంటమ్మా ఇది?"

"ఆయన కాల్లో ఉండేదండీ. మీ గొయ్యిలో పడ్డాక తొడ ఎముకకి వేశారు."

ఆయన వేళ్లు విడివడ్డాయి కానీ వదిలేయలేకపోయారు. పోయినవాడి ఒంట్లోది, పోయినవాడి ఇంట్లో, భార్య ఎదురుగా కింద పడేయడం ఎలా? రెండు వేళ్లతో పట్టుకుని, ఎక్కడ పెట్టాలా అని పిట్టగోడ వైపు చూశారు. అత్తయ్య అక్కడే నిలబడి ఉంది.

"ఆ రోజు మా ఆయన తాగారాండీ?"

"అబ్బే, ఎవరో అనుకుంటుంటే నేనూ..."

"తాగారా?"

"లేదు చెల్లెమ్మా."

"నాకు తెలుసండీ. కింద వాళ్లకి చెప్పండి."

ఆయన కత్తి తిరిగివ్వబోయారు. అత్తయ్య రెండు చేతులతో ట్రే పట్టుకుని ఉంది. చెప్పి రండి, అప్పుడు తీసుకుంటాను అంది. నా వైపు చాపారు. మీరు నమ్మండి, నాకు అప్పుడే మెడ మీద దురద పుట్టింది, రెండు చేతులతోనూ గోక్కోవాల్సి వచ్చింది.

అలా కాంట్రాక్టరు గారు మావయ్య కాలి ప్లేటు పట్టుకుని మెట్లు దిగారు. మైకు ముందు నిలబడి, అలవాటుగా "వేదికనలంకరించిన పెద్దలకు" అని మొదలుపెట్టి ఆగిపోయారు. ఎదురుగా సంఘ పెద్దలు, సండే స్కూలు పిల్లల తల్లులు, టీ కొట్టు బ్యాచీ మొత్తం. ఆయన తన చేతిలోది చూసుకున్నారు. మాస్టారు ఆ రోజు తాగలేదు అన్నారు. ఆ గొయ్యి నాదే, చుట్టూ తాడు కట్టించలేదు, తాగారని ముందుగా అన్నది కూడా నేనే అన్నారు. ఆయన పంపిన సౌండు బాక్సులు మంచివి. వీధి చివరిదాకా వినపడింది. నేను చప్పట్లు కొట్టలేదు. ఇలాంటి కూడికల్లో కొట్టకూడదు. అత్తయ్య ముందుకు వెళ్లి చెయ్యి చాపి, కత్తి తీసుకుని, కొంగుతో తుడుచుకుంది. అప్పుడు పాట మొదలైంది.

పాట అయ్యేదాకా ఆయన ఉండలేదు. వెళ్తుంటే నేనూ వెనకే వాళ్లింటి గేటు దాకా వెళ్లాను, సాగనంపడానికి అనుకోండి. ఆయన ఇంటి గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో వాళ్లమ్మ కూర్చుని ఉంది. మావయ్యని ఒకప్పుడు నాయనా అని పిలిచి కూర్చోబెట్టుకునేది. తాగి పడ్డాడన్న మాట విన్నాక ఆయన కనిపిస్తే మొహం తిప్పేసుకునేది. ఆ మైకు ఆవిడ చెవిన కూడా పడ్డట్టుంది, కొడుకు గేటు తీయగానే అడిగింది. చెవుడు కాబట్టి అందరికీ వినపడేలా అడిగింది.

"అయితే నాతో అబద్ధం ఎందుకు చెప్పావురా?"

 ఆయన గుమ్మం ముందు వంగి చెప్పుల బకిళ్లు విప్పుకోవడం మొదలుపెట్టారు. వెనక మా ఇంట్లో పాట అయిపోయింది, ప్రార్థన అయింది, కుర్చీలు జరుపుతున్న చప్పుడు మొదలైంది. ఆయన ఇంకా వంగే ఉన్నారు. వాళ్లమ్మ ఆయన నెత్తి వైపే చూస్తోంది.