దర్జీగారి క్రీమ్ బన్ను

పొద్దున్నే వేడినీళ్లలో నానబెడితే గానీ దర్జీగారి వేళ్లు కత్తెరకు వంగవు. ఒంటిమనిషి కావడంతో ఇన్నేళ్లూ కొట్లో దొరికిన చిరుతిళ్లతోనే కడుపు నింపుకున్నాడు. "ఈ వాపు వేళ్లతో ఆగదు బాబాయిగారూ, లోపల్లోపల రాజుకుంటూ గుండెదాకా పోతుంది. తీపి, మైదా, వేపుళ్లు మానెయ్యండి" అంది డాక్టరమ్మ. ఆయన బుద్ధిగా కూరలు ఉడకబెట్టుకోవడం నేర్చుకున్నాడు. సాయంత్రం బేకరీని మాత్రం వదల్లేకపోయాడు. నడుం కొలతా చేతి పొడవూ కాకుండా ఆయనతో వేరే మాట మాట్లాడేది ఆ బేకరీ ఆవిడ ఒక్కతే. అందుకని క్రీమ్ బన్ను కొనడం మానకుండా తినడం మానాడు. పొట్లం సందు మలుపుదాకా మోసి, వీధికుక్కకు పెట్టి, దొంగలా చేతులు దులుపుకునేవాడు.

ఒకనాడు ఆయన మరిచిన గొడుగు పట్టుకుని ఆవిడ వెనకే వచ్చింది. "అయ్యో అన్నయ్యా, నా బన్నులన్నీ దీని పాలా!" తినడం లేదని ఒప్పుకుంటే రేపు ఏ మొహంతో కొట్టుకు వెళ్లాలి? "ఇది మా కుక్కేనమ్మా" అన్నాడు. దాని పేరేమిటని అడిగింది. "బొత్తాం" అనేశాడు. ఆవిడ పడీపడీ నవ్వింది.

"దానికి తీపి పెట్టకూడదు అన్నయ్యా, ఒట్టి రొట్టె పట్టుకెళ్లు" అని మర్నాటి నుంచి అదే కట్టిస్తోంది. రోజూ అడుగుతుంది కూడా, "బొత్తాం ఎలా ఉంది?" అని.

ఆయన బల్లకు ఆనుకుని తీరిగ్గా చెబుతాడు. "వాపు తగ్గిందమ్మా. పొద్దున్నే తేలిగ్గా లేస్తోంది. ఒంటరిది కదా, దిగులే కాస్త తగ్గడం లేదు."