రెండూ ఎడమ చేతులే

కత్తెరమ్మ ఇప్పటికీ బట్టకు కత్తెర పెట్టే ముందు కుడి అరచేయి తెరిచి ఒక్క క్షణం కళ్లు మూసుకుంటుంది. తొందరలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. ఆ క్షణం వెనక ఏముందో తెలిస్తే వాళ్లే కుర్చీ లాక్కుని కూర్చుంటారు.

ఆ వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ పట్టదు. బట్ట బల్ల మీద పరిచి, సుద్దముక్కతో నాలుగు గీతలు గీసి కత్తెర ఆడించిందంటే మళ్లీ కొలిచి చూసుకునే పని ఉండేది కాదు. అందుకే కత్తెరమ్మ అని పేరు. ఆ పేరంటే ఆమెకు కాస్త గర్వం కూడా ఉండేది, లేదంటే అబద్ధం.

అలాంటి మనిషి ఒక పెళ్లి గౌను దగ్గర బోల్తా పడింది. పెళ్లికూతురి తల్లి ఎన్నాళ్లుగానో పెట్టెలో దాచుకున్న తెల్లని లేసు బట్ట తెచ్చి ఇచ్చింది. మామూలుగా బట్టను రెండు మడతలు వేసి గౌను చేతులు కత్తిరిస్తారు, ఒక్క కోతలో కుడిదీ ఎడమదీ వచ్చేస్తాయి. లేసు జారిపోతోందని ఆమె మడత వేయకుండా విడివిడిగా కత్తిరించింది. రెండోసారి కాగితం నమూనాను తిరగేయడం మరిచిపోయింది. తీరా చూస్తే రెండూ ఎడమ చేతులే. ఆ లేసుకు పైవైపు వేరు, లోపలివైపు వేరు, తిప్పి వేయడానికి లేదు. మిగిలిన ముక్క జేబురుమాలుకు కూడా చాలదు.

పెళ్లికూతురి తల్లి నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. చేతులు లేకుండానే గౌను కుట్టించుకుని, పనికిరాని ఆ రెండు చేతులూ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. పిల్ల భుజాల మీద శాలువా కప్పుకుని పెళ్లి చేసుకుందని తెలిసిన రోజు కత్తెరమ్మ కంచం ముందు నుంచి లేచిపోయింది.

అప్పటినుంచి కత్తెర పట్టుకుంటే చాలు, గుండె దడ, వేళ్లలో వణుకు. బొత్తాలు కుట్టేది, అంచులు మడిచేది. కత్తిరించాల్సిన బట్టలన్నీ బీరువాలో చేరాయి. ఎవరడిగినా "రేపు రండి" అనేది. భర్త బస్సు డ్రైవరు. "నీ రేపు ఎప్పుడొస్తుందో చెప్పు, ఆ రోజు నేనూ సెలవు పెడతాను" అని నవ్వించబోయాడు. ఆమె నవ్వలేదు. కుట్టుమిషను అమ్మేద్దామంది. ఈసారి అతనూ నవ్వలేదు.

ప్రార్థన చేయలేదా అంటే, చేసింది. రోజూ బైబిలు తెరిచి ఒక అధ్యాయం గబగబా చదివేది, మూసేసి మళ్లీ దిగులు మొదలుపెట్టేది. చూపు మందగించిన అత్తగారు పక్కనే మంచం మీద కూర్చుని ఇదంతా వినేది.

"అమ్మాయ్, చదువుతున్నావా, బస్సు పట్టుకుంటున్నావా?"

"ఎంత చదివినా లోపలికి దిగడం లేదత్తయ్యా."

"ఒక్క మాట చాలు. నాకు కళ్లు ఆనవు కాబట్టి ఒకటి దొరికితే వారమంతా దాన్నే నములుకుంటాను. నీ భయం కూడా ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పు. పాలవాడి సంగతి నాకు చెప్పవూ, అలాగే."

ఆ మాట కూడా ఆవిడే ఇచ్చింది. దేవుడు తనవాళ్ల కుడిచేయి పట్టుకుని, భయపడొద్దని ప్రవక్త చేత చెప్పించిన మాట. కత్తెరమ్మ బొత్తాలు కుడుతూ, అంట్లు తోముతూ దాన్నే మనసులో తిప్పుకుంది. మొదట్లో దానితో పేచీ కూడా పెట్టుకుంది.

"కుడిచేయి ఆయన పట్టుకుంటే ఇక కత్తెర ఎలా ఆడుతుందత్తయ్యా?"

"చిన్నపిల్లల చేత అక్షరాలు ఎలా దిద్దిస్తాం? చేయి పట్టుకునేగా. రాసేది పిల్లే కదా."

ఆమె చేతిలో సూది ఆగిపోయింది. ఆ సాయంత్రం మిషను ముందే కూర్చుని, ఏదీ దాచకుండా ప్రార్థించింది. "ప్రభువా, నాకు భయంగా ఉంది. గర్వం పోయింది, సరే. చేయి కూడా పోతే నేనెలా బతకాలి?" భయం ఒక్కసారిగా ఎగిరిపోలేదు. కానీ మర్నాడు అత్తగారి పాత దుప్పటి చింపి, దిండు గలీబు కత్తిరించగలిగింది. వంకరగా వచ్చింది. అత్తగారు దాని మీదే హాయిగా పడుకుంది.

ఆ పెళ్లయి ఏడాది దాటాక ఒకరోజు పెళ్లికూతురి తల్లి గుమ్మంలో నిలబడింది. కత్తెరమ్మ లేచి వెనక్కి జరిగింది. ఆవిడ సంచిలోంచి కాస్త తెల్ల నూలు బట్ట, దాని మీద ఆ రెండు ఎడమ చేతులూ తీసి బల్ల మీద పెట్టింది.

"మా అమ్మాయికి పాప పుట్టిందమ్మా. చర్చికి తీసుకెళ్లి ప్రార్థన చేయిస్తున్నాం. పాప గౌను కింది భాగం ఈ నూలుతో, పైభాగం, చేతులు వీటితో కుట్టాలి."

"వేరే ఎవరికైనా ఇవ్వండమ్మా. మళ్లీ పాడుచేస్తే నేను తట్టుకోలేను."

"ఆ రోజు మీ మొహం చూసి ఏమీ అనలేకపోయాను. అనకుండా వెళ్లి మిమ్మల్ని ఇంకా బాధపెట్టానని తర్వాత అనిపించింది. మీరే కత్తిరించాలి."

కత్తెరమ్మ కుడి అరచేయి తెరిచి కళ్లు మూసుకుంది. ఆ ఒక్క మాటా తలుచుకుంది. వేళ్లు వణుకుతూనే ఉన్నాయి. వణుకుతూనే కత్తెర అందుకుంది.

గౌను పూర్తయ్యాక దాన్ని అత్తగారి ఒడిలో పెట్టింది. ఆవిడ గౌను చిట్టి చేతులు రెండింటినీ వేళ్లతో తడిమి తడిమి చూసింది.

"ఇది కుడి. ఇది ఎడమ," అంది.

కత్తెరమ్మ ఆవిడ మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చేసింది. దేవుడికి కృతజ్ఞత చెప్పుకుందామని "ప్రభువా" అంది, మళ్లీ ఏడ్చింది.

"నువ్వు ఏడువమ్మాయ్, నేను చెబుతాలే," అని అత్తగారు ఆమె కుడిచేయి పట్టుకుని ప్రార్థన మొదలుపెట్టింది.