పెద్దాయనను చిన్నమ్మకు మళ్ల చూపిచ్చిన దినం

దసరా దాటినంక రెండో మంగళవారం, పొద్దుగాల ఆరుంబావుకు పెద్దాయన సచ్చిపోయి ఉండుడు నేను చూసిన. టైము గట్టిగ చెప్తున్న, ఎందుకంటె తర్వాత వచ్చిన ఫారెస్టు సారు మొట్టమొదలు అడిగింది అదే.

పెద్దాయన అంటె మనిషి కాదు, చింపాంజీ. మా మూగజీవాల ఆశ్రమంల రెండు ఉండె. మొగదాన్ని పెద్దాయన అని, ఆడదాన్ని చిన్నమ్మ అని పిలిచేటోళ్లం. పట్నం అవతల ఎవరో ఆసామి తన ఫారంహౌజుల దొంగతనంగ పెంచుకుంటుంటె పట్టుకున్నరట. వేరే జాగ దొరికేదాక జర మీ దగ్గర ఉంచుకోండ్రి అని మాకు అప్పజెప్పిండ్రు. ఆ ‘జర’ నాలుగేండ్లయింది.

మా ఆశ్రమం అచ్చంపేట పోయే తొవ్వల ఉంటది, రోడ్డు దిగి రాళ్లబాట పట్టాలె. ఉన్నయన్ని ఎక్కువ పశువులే. కోతకు పోయే లారీలల్లకెళ్లి దించినయి, కాళ్లు ఇరిగినయి, వట్టిపోయినంక రోడ్డు మీద ఇడిసిపెట్టినయి. నేను తెలంగాణ రాష్ట్రం వచ్చిన రెండేండ్లకు ఇక్కడ పనికి చేరిన.

ఉన్నమాట రాస్త. నేను మాదిగింట్ల పుట్టిన. మా నాయిన ఊర్ల సచ్చిన పశువును మోసేది, తోలు తీసేది, చెప్పులు కుట్టేది, బాయిల నీళ్లు తోడే మోటబొక్కెన కుట్టేది. ఆ సచ్చిన పశువు కూర మేం తిన్నం. ఆశ్రమంల జీతం చేస్తున్న గదా అని తినలేదంటె అది అబద్ధమైతది. చేరిన దినమే మేనేజర్ సారుకు ఈ ముచ్చట చెప్పిన. ఆయన నా మొఖం చూసి, “ఇక్కడైతె తినవు గద?” అన్నడు.

“ఇక్కడ మీరు పెట్టేది పప్పే గద సారూ” అన్న. నవ్వి పనిలకు తీసుకున్నడు.

అక్షరాలు సుత ఇక్కడికి వచ్చినంకనే దిద్దిన. ఏ పశువుకు ఏ మందో గోడ మీద రాసి ఉంటది, అది చదవకుంటె పని నడవది. మా పశువుల డాక్టరమ్మ నేర్పింది. నా మనుమరాలి వయసుంటది. తప్పు రాస్తె నా చెయ్యి మీద పెన్నుతోని కొట్టేది.

పొద్దుగాల మా పని పెండతోని మొదలైతది. పాకలు ఊడ్చుడు, తొట్లు నింపుడు, చొప్ప ఏసుడు. ఆ పని గొల్లింటి ఒకామె చూసేది. నన్ను అన్న అంటది, నేను చెల్లె అంట. ఆమె నోట్లకెళ్లి తిట్టు ఎల్లకుంటె ఆ దినం జరమొచ్చినట్టే లెక్క. ఆవులను తిడుతది, బర్లను తిడుతది, నన్ను తిడుతది. తిట్టుకుంటనే లేవలేని ఆవును పొద్దుకు మూడుసార్లు ఆ పక్కకు ఈ పక్కకు తిప్పి పండబెడుతది.

చింపాంజీల అర్ర పశువుల పాక పక్కనే. లోపల పండుకునే అర్ర, బయట చుట్టు జాలీ కట్టిన పెద్ద వాకిలి, నడుమ తాడు లాగితె పైకి లేసే ఇనుప తలుపు. చింపాంజీలు రెంటికి నేనే తిండి పెట్టేది. పల్లికాయ, ఉడకబెట్టిన గెనుసుగడ్డ, కీరకాయ, కాలమొస్తె సీతాఫలం. పెద్దాయన ఏండ్లకేండ్లు గొలుసు మీద బతికినోడు. వేళ్లు వంకర్లు పోయి బిగుసుకున్నయి. సీతాఫలం పట్టుకుంటె జారిపడేది. చిన్నమ్మే రెండు చెక్కలు చేసి ఆయన ముంగట పెట్టేది. తర్వాత తనది తినుకుంట గింజలు ఒక్కొక్కటి పెదవులతోని తీసి నా దిక్కు ఉమ్మేది. పొద్దూకినంక గోనెసంచులు ఇస్తె రెండు కలిసి పరుసుకునేటియి. పాకల ఒక గుడ్డెద్దు ఉండె. అది పగటీలి వచ్చి జాలీకి ఒరిగి నిలబడేది. చిన్నమ్మ వేళ్లు బయటికి పెట్టి దాని మెడమీది పిడుదులు ఏరేది. చూడనీకె వచ్చినోళ్లు ఫోటోలు తీసుకునేటోళ్లు. మాకు అది రోజూ చూసేదే.

ఆ మంగళవారం నేను పోయేసరికి పెద్దాయన గోనెసంచుల మీద పక్కకు ఒరిగి ఉన్నడు. చిన్నమ్మ పక్కన కూసోని ఆయన భుజం మీది బొచ్చు పాయలు తీసుకుంట ఏరుతున్నది. అది రోజూ చేసే పనే. కాని ఆయన కన్ను తెరిచి ఉన్నది, దాని మీద ఈగ వాలింది, రెప్ప పడలే. సచ్చిన జీవాన్ని చూసుడు నాకు కొత్త కాదు.

అప్పుడు నేను చేసిన పని చెప్పాలె. ఎండ ముదరకముందే ఎత్తెయ్యాలె, లేకుంటె ఉబ్బుతది. ఈ ఒక్కటే నా తలకాయల ఉన్నది. బయటి వాకిట్ల పండిన సీతాఫలాలు నాలుగు పెట్టిన. చిన్నమ్మను పిలిచిన. ఆమె లేవలే. ఇంకోసారి పిలిచిన. ఒకటి పలగ్గొట్టి వాసన తగిలేటట్టు పట్టిన. ఆయన కోసరం అనుకున్నదో ఏమో, లేసి వచ్చింది. రెండు చేతులల్ల రెండు పండ్లు పట్టుకొని మళ్ల లోపలికి తిరిగింది. అప్పటికే నేను తాడు ఇడిసిన. తలుపు పడ్డది.

మేనేజర్ సారు, నేను, చెల్లె, ముగ్గురం పెద్దాయనను తాటిపత్రి పట్టల ఏసి మందుల అర్రకు మోసినం. నేను మళ్లొచ్చి గోనెసంచులు బయట పడేసి, అర్రంత ఫినాయిల్ ఏసి కడిగిన. శుభ్రంగ పని చేసిన అనుకున్న. కడిగినంక తాడు లాగి తలుపు తెరిచిన.

చిన్నమ్మ లోపలికి వచ్చింది. పండ్లు ఇంక చేతులల్లనే ఉన్నయి. ఆయన పండుకున్న జాగల ముక్కు పెట్టింది. మూలమూలకు పోయి చూసింది. పండ్లు కింద పెట్టి, గోడ తడిమింది, తలుపు సందుల చెయ్యి పెట్టింది. అప్పుడు ఒర్రింది. ఆ ఒర్రుడు నేను రాయలేను. పాకల లేవగలిగిన పశువులన్ని లేసి నిలబడ్డయి. చానసేపు ఒర్రి, గోడ దిక్కు మొఖం పెట్టి కూసున్నది. నీళ్లు పెడితె చూడలే. గుడ్డెద్దు వచ్చి జాలీకి ఒరిగింది. దాన్ని సుత చూడలే.

డాక్టరమ్మ ఎనిమిదిన్నరకు బస్సు దిగి వచ్చింది. అర్ర ముంగట నిలబడి, “వీటికి మనాది పట్టిందంటె తిండి ఇడిసిపెడుతయి తాతా. మొదటి ఒకటి రెండు దినాలే చూసుకోవాలె. ఈమెగ్గూడ వయసు మీదపడ్డది, తట్టుకోదు” అన్నది. ఆమె మొఖంల భయం కనబడ్డది. నన్ను ఒక్క మాట అనలే.

అన్నది చెల్లె. పెండగంప దించి నడుం మీద చేతులు పెట్టుకొని, “ఎంత తెలివిగల్లోనివన్నా. పండు చూపిచ్చి తోలుకపోయినవు, ఫినాయిల్‌తోని కడిగినవు. అది ఏమనుకోవాలె? మనిషి యాడికి పోయిండనుకోవాలె?”

“ఉబ్బుతది గద చెల్లె...”

“ఉబ్బనీ. నా పెనిమిటిని కరోనల దవాఖానోళ్లు మూటగట్టిచ్చిండ్రు. మొఖం చూడనియ్యలే. మూట మూటనే కాల్చిండ్రు. ఇప్పటికి సుత తలుపు సప్పుడైతె ఆయనే అనుకొని లేస్త. నాకు చెప్తున్నవా ఉబ్బుతదని.”

గంప ఎత్తుకొని పోయింది. నేను అక్కడనే కూసున్న.

నాకు మా నాయిన యాదికొచ్చిండు. నా చిన్నప్పుడు ఊర్ల ఒక కాపాయన ఎద్దు సచ్చిపోయిందని మమ్ములను పిలిచిండ్రు. పోయేసరికి ఆ ఇంటామె ఎద్దు కొమ్ములు పట్టుకొని ఏడుస్తున్నది. మా నాయిన దుంగ, తాళ్లు కింద పెట్టి దూరంగ కూసున్నడు. నేను ఎండకు కాళ్లు కాలి, “పోదాం నాయినా” అంటె, “ఆమె లేవనీ. లేసినంక మనం లేద్దాం” అన్నడు. పగటాల దాటింది. ఆమె లేసింది, కొంగుతోని మొఖం తుడుసుకొని ఇంట్లకు పోయింది. అప్పుడు మా నాయిన లేసిండు. ఊర్ల మమ్ములను దూరం పెట్టినోళ్ల ఎద్దే అది. అయినా ఇంటోళ్లు లేవకముందు తాడు ఎయ్యలే, ఏ ఇంటి ముంగట ఎయ్యలే. నేను మా నాయిన ఇంట్ల పుట్టి, తాడు ముందుగాల ఏసిన.

లేసి డాక్టరమ్మ దగ్గరికి పోయిన. “అమ్మా, పెద్దాయనను మళ్ల ఆమె దగ్గర పండబెడుదాం.”

“ఎట్ల తాతా? ఫారెస్టోళ్లు వస్తరు, పంచనామా ఉంటది. పోస్టుమార్టం చెయ్యకుంటె కాదు. రొమ్ముకాంచి పొట్టదాక కోసినంక ఏం చూపిస్తం?”

“నేను కుడుత. తెలవకుంట కుడుత.”

ఆమె నా వేళ్ల దిక్కు చూసింది. “లోపల అంటురోగమేమన్న కనబడితె చూపియ్య. ముందే చెప్తున్న” అన్నది.

ఫారెస్టు సారు పదకొండు గంటలకు జీపుల వచ్చిండు. నా మాట ఇని మేనేజర్ సారు దిక్కు తిరిగి నవ్విండు. “ఏం పెద్దమనిషీ, కోతికి కడసారి చూపా? దినవారాలకు కార్డులు సుత కొట్టిస్తవా?”

“కొట్టిస్త సారూ. మీకే మొదటి కార్డు. బువ్వ తినిపోవాలె.”

మేనేజర్ సారు నా మోచెయ్యి గిచ్చిండు. “సారూ, ఆయన నోరే అంత, ఏమనుకోకుండ్రి” అన్నడు.

“రూల్ల లేదయ్యా” అన్నడు ఫారెస్టు సారు. “పోస్టుమార్టం, పంచనామా, కాల్చుడు. నా ముంగట కాలాలె. నేను పొద్దూకేదాక ఇక్కడ కూసోవాల్నా?”

డాక్టరమ్మ అప్పుడు నోరు తెరిచింది. “సారూ, ఇప్పుడు ఒక పంచనామా రాస్తున్నరు. తిండి మానేసి ఆమె సుత పోతె వచ్చే వారం రెండోది రాయాలె. ఎందుకు పోయిందని పైనోళ్లు అడిగితె నేను ఉన్నది రాస్త.” గొంతు లేపకుంటనే అన్నది. ఆ సారు టోపీ తీసి తల గోక్కున్నడు. “ఒక్క గంట” అన్నడు.

పోస్టుమార్టం అయ్యేదాక నేను బయట ఉన్న. ఆమె తలుపు తీసి, “గుండె ఉబ్బింది తాతా. రోగం లేదు. రా” అన్నది.

చేతులకు తొడుగులు ఏసుకున్న. ఆమె ఇచ్చిన సూది వంకరగ కొడవలి తీరు ఉన్నది. నాకు తెలిసింది తోలుకు బెజ్జం చేసే ఆరె, అది నిటారుగ ఉంటది. మొదటి రెండు కుట్లు కుదరలే, ఇప్పి మళ్ల ఏసిన. మోటబొక్కెన కుట్టేటప్పుడు మా నాయిన చెప్పేది, నీళ్లు కారొద్దంటె కుట్టు పక్కన కుట్టు ఉండాలె, ముడి లోపలికి పోవాలె అని. అట్లనే కుట్టిన. దారం కింద చిక్కుకున్న బొచ్చును సూది మొనతోని ఒక్కొక్క పాయ పైకి లాగి, కుట్టు మీదికి దువ్విన. ఫినాయిల్ ముట్టనియ్యలే, సబ్బు ముట్టనియ్యలే, వట్టి నీళ్లతోని నెత్తురు తుడిసిన. పొద్దుగాల నేను బయట పడేసిన గోనెసంచులు చెల్లె ఏరి మడతపెట్టి ఉంచింది, అవ్వే కింద ఏసినం.

చిన్నమ్మను వాకిట్లకు తోలనీకె మళ్ల పండు పెట్టలే. డాక్టరమ్మ పిలిచింది, నేను కనబడకుంట పాక వెనక ఉన్న. పిలిచి పిలిచి అరగంటకు బయటికొచ్చింది. పెద్దాయనను పొద్దుగాల ఉన్న జాగలనే పండబెట్టి, అందరం బయటికొచ్చి తలుపు లేపినం.

ఆమె వచ్చి గడపల ఆగింది. దూరంకెళ్లి చూసింది. దగ్గరికి పోయి నోటి మీద ముక్కు పెట్టింది. చెయ్యి ఎత్తి ఇడిసింది, అది పడ్డది. మళ్ల ఎత్తింది, మళ్ల పడ్డది. తర్వాత బొచ్చు పాయలు తీయవట్టింది. భుజం, మెడ, రొమ్ము. కుట్టు దొరికింది. కుట్టు పొడుగూత వేలు జరుపుకుంట పోయింది, వేలు వాసన చూసుకున్నది. పీకలే. పైకెళ్లి బొచ్చు సరిచేసి కప్పింది. గోనెసంచి ఒక కొస లాగి ఆయన కాళ్ల మీద ఏసి, పక్కన ఒరిగింది.

గంట దాటింది. ఫారెస్టు సారు గడియారం చూసుకున్నడు, జీపుల పోయి కూసున్నడు. రెండు గంటలు దాటింది. ఇంక ఎండ పశువుల పాక మీదికెళ్లి దిగుతుండంగ ఆమె లేసింది. ఎవ్వరు పిలవలే. వాకిట్లకు నడిచి, తొట్టి దగ్గర వంగి, నీళ్లు తాగింది. చానసేపు తాగింది. చెల్లె నా పక్కన నిలబడి, “ఇగ పో. ఇప్పుడు ఎత్తు” అన్నది.

తలుపు మూసినం కాని ఆమె చూస్తుండంగనే, జాలీ ముంగటికెళ్లే మోసుకపోయినం. ఆమె జాలీ పొంటి మా ఎంబడి కొస దాక నడిచి, అక్కడ ఆగింది. ఒర్రలే.

మూడో దినం గెనుసుగడ్డ తిన్నది. ఇంక బతికే ఉన్నది. కాని నా చేతికెళ్లి పండు తీసుకోది. డాక్టరమ్మ ఇస్తె తింటది, చెల్లె ఇస్తె తింటది. నేను తలుపు తాడు దగ్గర నిలబడితె అర్రలకు రాది. అందుకని ఆ పని చెల్లెకు ఇచ్చి, నేను పాకల పెండ తీస్తున్న. నన్ను క్షమించాల్సిన పని చిన్నమ్మకు లేదు. ఆమె బతకాలె అనుకున్న, బతికింది.

ఆ మంగళవారం పొద్దూకంగ చితి పక్కనే ఫారెస్టు సారు పంచనామా చదివి ఇనిపిచ్చిండు, సంతకాలు పెట్టిచ్చిండు. అండ్ల ఐదుగురి పేర్లే ఉన్నయి, చెల్లెది లేదు, నాది లేదు. ఆ దినం అక్కడ ఉన్నోళ్లందరిని నేను ఇక్కడ రాస్తున్న: ఫారెస్టు సారు, ఆయన జీపు డ్రైవరు, మేనేజర్ సారు, పశువుల డాక్టరమ్మ, సాక్షికి పిలిస్తె నాగలి ఇడిసి వచ్చిన పక్క చెల్క రైతు, పాకల చెల్లె, నేను, పాకల లేసి నిలబడ్డ పశువులు, జాలీకి ఒరిగిన గుడ్డెద్దు, చిన్నమ్మ, పెద్దాయన.