తమ్ముడి చివరి రికార్డులో ఎడమ చెయ్యి

ఇది 1974 మార్చి పదో తేదీ, ఆదివారం, ఉదయం పదిన్నరకు మొదలైంది. దెయ్యాలు, ఆత్మలు అనే మాటలు నేనెప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. జరిగింది మాత్రం రాస్తాను.

మాది జంగ్లీఘాట్, సముద్రం మధ్య దీవిలో జాలర్ల రేవు. మా అయ్య శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి ఇక్కడ చేపల వేట చేశాడు. తమ్ముడు పదిహేడేళ్లకే ఓడెక్కి కలకత్తా వెళ్లి, హోటల్లో గిన్నెలు కడుగుతూ పియానో నేర్చుకున్నాడు. తర్వాత అక్కడే పద్దెనిమిదేళ్లు జాజ్ వాయించాడు. ముందుగా రాసిపెట్టుకోకుండా అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయే సంగీతం అది. ఎడమ చెయ్యి నడక తప్పకుండా ఉంటే కుడి చెయ్యి ఎంత దూరమైనా తిరిగి రావచ్చని చెప్పేవాడు.

వేళ్లు బిగుసుకుపోయే జబ్బు వచ్చి 1972లో తన పాత పియానోతో సహా ఇంటికి తిరిగొచ్చాడు. అప్పటిదాకా వాడు వాయించిన రికార్డులన్నీ బ్యాండు యజమాని పేరు మీదే వచ్చాయి. వేళ్లు పూర్తిగా పోయేలోగా తన పేరుతో ఒక్కటి రావాలన్నది వాడి కోరిక.

రికార్డింగ్ చేసే బెంగాలీ ఆయన ఒకరు వాడి మీద అభిమానంతో టేపు యంత్రం తీసుకుని ఓడలో వచ్చారు. మేం ఆయన్ని దాదా అనేవాళ్లం. మా ఇంటి ముందుగదే స్టూడియో అయింది. బయటి చప్పుడు రాకుండా గోడలకు గోనెసంచులు, పాత వలలు మడతలేసి కట్టాం. తేమకు పియానో మెట్లు ఉబ్బకుండా రాత్రంతా దాని లోపల బల్బు వెలిగించి ఉంచేదాన్ని.

ఎనిమిది పాటల్లో ఏడు పూర్తయ్యాయి. మంగళవారం దాదా తిరుగు ఓడ. ఆఖరి పాటకు ఆదివారాన్ని ఎంచుకున్నది నేనే. ఆ రోజు గంగమ్మ సంబరం. సాయంత్రం డప్పులు మొదలయ్యేదాకా రేవు నిశ్శబ్దంగా ఉంటుంది. ఎవరూ దోనె ముట్టరు.

ఆ ఉదయం తమ్ముడి ఎడమ చేతి వేళ్లు తెరుచుకోలేదు. వేడినీళ్లతో కాపడం పెట్టినా లాభం లేకపోయింది. వాడు ఆ చెయ్యి ఒళ్లో పెట్టుకుని పియానో ముందు ఊరికే కూర్చున్నాడు.

అప్పుడు చెక్క మీద కొడుతున్న చప్పుడు వినిపించింది. చేపను వల వైపు తోలడానికి దోనె అంచును తెడ్డుతో అలా కొడతారు.

దాదా చెవుల మీది యంత్రం తీసేసి, "దీదీ, వాళ్లకి జర బోలో. పది నిమిషాలు బంద్ కర్‌నే కో," అన్నారు.

నేను రేవుకి వెళ్లాను. దోనెలన్నీ ఇసుక మీదే ఉన్నాయి, పసుపు రాసి, బొట్లు పెట్టి. పక్కింటి పోలమ్మ వేపమండలు కడుతోంది.

"దోనె కొడతన్నది ఎవులే?" అన్నాను.

"ఇయ్యాల దోనె ముట్టుకుంటే కాళ్లిరగ్గొట్టీరా? ఎవులూ నేరు. నీ తమ్ముడి పెట్టె మోత నీ చెవిలో దూరీసినాదప్పా," అని నవ్వింది.

నిజమే, రేవులో ఏ చప్పుడూ లేదు. ఇంట్లో అడుగు పెడితే మళ్లీ వినిపించింది. మూడు దెబ్బలు, కాస్త ఆగి రెండు. వేటలో ఒక్కొక్కరి దెబ్బ ఒక్కో తీరు. ఇది మా అయ్యది. అయ్య 1963లో సముద్రంలో పోయాడు. తమ్ముడి వాయింపు ఆయన ఒక్కసారి కూడా వినలేదు.

తమ్ముడు నా వైపు చూశాడు. తర్వాత కుడి చెయ్యి మెట్ల మీద పెట్టి, ఆ దెబ్బల నడకలోనే మొదలుపెట్టాడు. దాదా టేపు తిప్పారు. పాట ఆరు నిమిషాలు. అంతసేపూ నేను వాడి ఎడమ పక్కనే నిలబడ్డాను. ఆ చెయ్యి ఒళ్లోంచి కదలలేదు. పాట ఆగగానే చప్పుడూ ఆగింది.

వెంటనే టేపు వేసి విన్నాం. చెక్క మీది దెబ్బ ఒక్కటీ లేదు. ఆ చోట ఎడమ చెయ్యి వాయించే పియానో బరువు స్వరాలున్నాయి, మూడు, ఆగి రెండు. రెండు చేతులతో వాయించిన పాట అది.

దాదా టేపు వెనక్కి తిప్పి మళ్లీ విన్నారు. "నేనేమీ కలపలేదు. కాళీమా కీ కసమ్," అని ఒట్టేశారు.

"ఆ చెయ్యి నాది కాదప్పా," అన్నాడు తమ్ముడు నాతో. "ఒళ్లు బాగున్నప్పుడు కూడా నా వేళ్లు అంత దూరం సాగేవి కావు."

రికార్డు వాడి పేరుతోనే వచ్చింది. ఆఖరి పాట కింద మాత్రం తన పేరు పక్కన అయ్య పేరు కూడా వేయించాడు.

ఆ బరువు స్వరాల్లో ఒకేసారి మోగే రెండింటి మధ్య దూరం ఎంతో తర్వాత ఒక సంగీతం టీచరుతో కొలిపించాను. అంత వెడల్పు పెద్ద అరచేతికే అందుతుందన్నాడు. అయ్యది అలాంటి చెయ్యే. పియానో ముట్టని మనిషి చెయ్యి అక్కడికి ఎలా చేరిందో, అసలు చేరిందో లేదో, ఈ రోజుకీ నేను చెప్పలేను.

పోయినవి ఇవి. తమ్ముడి ఎడమ చెయ్యి, ఆ మార్చిలోనే. పియానో, చెదలకు. కలకత్తాలో ఉన్న అసలు టేపు, వాననీటికి. నాకొచ్చిన పన్నెండు రికార్డుల్లో పదకొండు, అడిగి తీసుకుని తిరిగి ఇవ్వనివాళ్ల దగ్గర. ఆ గదిలో నాతోపాటు ఆ చప్పుడు విన్న ఇద్దరూ.