వెండి పళ్లెంలో అట్టముక్క

నా చిన్నప్పుడు మేము అరబ్బు దేశంలో, ఖురం అనే పేటలో ఒక అమెరికా వాళ్ల బంగళా వెనక రూమ్‌లో ఉండేవాళ్లం. మా నాన్న అక్కడ వంటవాడు. ఇంటిపనికి కడప నుంచి మా పిన్నిని పిలిపించాడు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే.

ఆ ఇంటి మేడంకు తల్లి ఉండేది. ఆ ముసలి మేడం కథ చెబితే నోరు తెరుచుకుని వినాల్సిందే. నేను వింటూ పిన్నికి తెలుగులో చెప్పేదాన్ని. ఆమె చిన్నతనంలో న్యూయార్క్ గొప్పిళ్లకు ఎవరైనా వస్తే, తమ పేరున్న కార్డు మూల మడిచి వెండి పళ్లెంలో వేసేవారట. తామే స్వయంగా వచ్చామని దాని అర్థం. ఇష్టం లేనివాళ్లు వస్తే నౌకరు దిగొచ్చి 'అమ్మగారు ఇంట్లో లేరు' అనేవాడట. తన ప్రాణస్నేహితురాలు నాటకాల్లో చేరిందని తన తల్లి ఆమెను అలాగే పంపించేసిందని చెబుతూ ఆమె కళ్లొత్తుకునేది. ఆ పాడు రోజులు పోయాయనేది. ఎంత మెత్తని మనసో అని పిన్ని కూడా ఏడ్చేది.

ఒకసారి పిన్నికి దగ్గు పట్టుకుంది. డాక్టర్ భయం లేదన్నా మేడం వినలేదు, ఊరికి టికెట్ తీసేసింది. ఇంట్లోకి రావద్దంది. ముసలి మేడం ఒక్క మాటంటే ఆ ప్రయాణం ఆగిపోయేది. పిన్ని తన పట్టుచీర కట్టుకుంది. బిస్కెట్ డబ్బా అట్ట కత్తిరించి, తెలుగులో పేరు రాసి, మూల మడిచింది. ఎప్పుడూ తొక్కని ముందు గుమ్మం దగ్గర బెల్ కొట్టింది. మర్యాదగా వస్తే ముసలి మేడం అర్థం చేసుకుంటుందనుకుంది, పిచ్చిది.

తలుపు తీసిన నాన్న అట్టముక్కను ఆ ఇంటి వెండి పళ్లెంలో పెట్టుకుని పైకెళ్లాడు. నేను పిన్ని కొంగు పట్టుకుని నిలబడ్డాను. పైన టీకి వచ్చిన ఆడవాళ్లు గొల్లున నవ్వారు. అందులో ముసలి మేడం నవ్వే గట్టిగా వినిపించింది.

నాన్న ఖాళీ పళ్లెంతో దిగొచ్చాడు. "ఇంట్లో లేరంటమ్మా."

"పైన నవ్వుతాండేది ఎవురు బావా?"

"లేరని చెప్పినా గదా. నన్నేం అడగద్దు, పో."

పిన్ని వెళ్లిపోయిన మర్నాడు ముసలి మేడం ఆ అట్టముక్క నా చేతిలో పెట్టింది. మీ పిన్ని తప్పు మూల మడిచిందని చెప్పి, సరైన మూల ఏదో ఓపిగ్గా చూపించింది. ఇన్నేళ్లయినా నేను ఆమెను క్షమించలేదు. ఆ తర్వాత నాన్న బతికినన్నాళ్లూ, బెల్ మోగితే తలుపు నన్నే తీయమనేవాడు.

ఇప్పుడు అదే దేశంలో ఇబ్రా అనే ఊళ్లో నాకు చిన్న కుట్టు షాపుంది. పని అడుగుతూ ఆడవాళ్లు వస్తూనే ఉంటారు. అందరికీ ఇవ్వలేను, అంత దయగల మనిషినీ కాను. లేదనాల్సి వస్తే మిషన్ ఆపి, గుమ్మం దాకా వెళ్లి, ముఖం చూసి నేనే చెప్తాను. ఆ మాట వాళ్ల సొంత మనిషి నోట మాత్రం చెప్పించను.