కిటికీ తెరిస్తే పోగు, మూస్తే ఊపిరి

నా భార్యకు ఉబ్బసం. మాది ఒంటిమిట్ట వైపు నేతపని చేసుకునే ఊరు. మగ్గం ఉన్న గదే మా ఇల్లు. వంట, పడక, నేత అన్నీ అందులోనే. నేను మగ్గం గుంతలో కూర్చుంటే, ఆమె పక్కనే రాట్నం ముందు కండెలు చుడుతుంది. నూలు తిరిగేకొద్దీ సన్నటి దూదినుసి లేస్తుంది. చీర కట్టుకునేవాళ్ళకు అది కనపడదు. మా ఆవిడ ఊపిరితిత్తులకు మాత్రం బాగా తెలుసు.

కడపలో డాక్టరమ్మ ఓపిగ్గానే చెప్పింది. నోట్లో పెట్టుకుని పీల్చే మందు పంపులు రెండు రాసిచ్చింది. ఒకటి బాగున్నా లేకున్నా రోజూ పీల్చాలి, రెండోది ఆయాసం వచ్చినప్పుడు. "ఇంట్లో దుమ్ము లేకుండా చూసుకోండి, కిటికీలు తెరిచిపెట్టండి" అంది. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. మా ఎండాకాలం గాలి సంగతి ఆమెకు ఎలా చెప్పేది? కిటికీ తెరిస్తే ఆ వడగాలికి మగ్గం మీద సాగదీసిన పడుగు నూలు ఎండిపోయి పోగులు పటపటా తెగుతాయి. అందుకే తాతల నాటి నుంచీ కిటికీలు మూసి, నేల తడిపి నేస్తాం. ఆ తేమ నూలుకు బలం. మా ఆవిడకు అదే ఉక్క.

రోజూ పీల్చే పంపు దగ్గర మాకు ఎప్పుడూ తగాదానే.

"బాగుండేటప్పుడు మందెందుకయ్యా? అలవాటైపోతాది" అంటుంది.

"రోజూ పీలిస్తేనే ఆయాసం రాకుండా ఉంటాదని ఆయమ్మ చెప్పలేదా?" అని అరుస్తాను. అరిచి, కిటికీ మూసిన ఆ గదిలోనే మళ్ళీ మగ్గంలోకి దిగుతాను. నా అరుపు విలువ ఎంతో ఆమెకు తెలుసు.

మొన్న మధ్యాహ్నం మొండిగా కిటికీ తెరిచేశాను. పోతే పోయింది పడుగు అనుకున్నాను. కాసేపు హాయిగానే ఉంది. తర్వాత పోగులు తెగడం మొదలైంది. ఆమె రాట్నం వదిలేసి వచ్చి, పడుగు మీదికి ఒంగి ముడులు వేయసాగింది. "నువ్వు జరుగు, నేను వేసుకుంటా" అన్నా వినలేదు. ఒంగినచోటే పిల్లికూతలు మొదలయ్యాయి. మాట రాలేదు. కళ్ళు నా మీదే పెట్టి, నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంది. ఆయాసం పంపు తెచ్చి నోట్లో పెట్టి నొక్కాను. పీల్చింది. మళ్ళీ నొక్కాను. వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. దానివల్ల ఏ లాభమూ లేదని తెలుసు. ఇన్ని చీరలు నేసిన చేతులు ఆమె లోపలికి గుక్కెడు గాలి పంపలేకపోయాయి.

చాలాసేపటికి ఊపిరి కుదుటపడింది. మంచినీళ్ళు ఇచ్చాను. రెండు గుక్కలు తాగి పడుగు వైపు చూసింది.

"కిటికీ మూయయ్యా, పోగులు ఇంకా తెగిపోతాండాయి" అంది.

ఊపిరి తిరిగొచ్చాక ఆమె అన్న మొదటి మాట అది. నేను మూయకపోతే తనే లేస్తుంది. లేచి మూశాను.